మనమూ పన్ను కట్టేవాళ్ళమే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో దీన్ గురించీ, చదువు గురించీ ప్రసంగాలు జరుగుతుంటాయి. ఈ ఏడు కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టర్ సాబ్, బడ్జెట్ అంటే ఏమిటో, పన్నులంటే ఏమిటో మనవాళ్ళకు అర్థమయ్యేటట్టు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము ఆర్థిక శాస్త్ర పండితులం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలూ, సాంఘిక శాస్త్రమూ చెప్పుకునే వాళ్ళం. అయితే శాతాల లెక్క తెలిసినవారికి బడ్జెట్ కూడా తెలుస్తుందనే ధైర్యంతో ఒప్పుకున్నాం.

సభకు వస్తూ ఒక ఆటో ఎక్కాం. నడిపే అబ్బాయి మా పాత విద్యార్థే. మేము మాట్లాడబోయే సంగతి చెబితే నవ్వి, "సార్, టాక్సులు కట్టేది మీలాంటి జీతగాళ్ళు. మాకెందుకు సార్ బడ్జెట్?" అన్నాడు. మేము జవాబు చెప్పకుండా, "సెల్ ఫోనుకు రీచార్జి ఎంత వేయించావు?" అని అడిగాం. "299 రూపాయలు" అన్నాడు. దిగేలోపు మేము ఒక చిన్న లెక్క చేసి చూపించాం. ఆ లెక్కే మీ ముందు కూడా పెడతాం.

సెల్ ఫోను రీచార్జి మీద జి.ఎస్.టి. నూటికి 18. అంటే మనం ఇచ్చే ప్రతి 118 రూపాయలలో 18 రూపాయలు పన్ను. 299ని 18తో గుణించి 118తో భాగిస్తే 45 రూపాయల 61 పైసలు వస్తుంది. అంత డబ్బు మన అబ్బాయి సర్కారుకు కట్టాడు. కంపెనీకి ముట్టింది 253 రూపాయల 39 పైసలు. జిల్లా కలెక్టరు గారు అదే రీచార్జి వేయించుకుంటే ఆయన కట్టేది కూడా అదే 45 రూపాయల 61 పైసలు, ఒక్క పైసా ఎక్కువ లేదు. మరి మేము పన్ను కట్టడం లేదనే మాట ఎక్కడిది?

పన్నులు రెండు రకాలు. ఒకటి ప్రత్యక్ష పన్ను. ఆదాయపు పన్ను ఇందులోకి వస్తుంది. ఎంత సంపాదిస్తే అంత లెక్క, సంపాదన తక్కువైతే అసలే లేదు. రెండవది పరోక్ష పన్ను. ఇది సరుకు ధరలో కలిసి వుంటుంది. సబ్బులో వుంటుంది, సిమెంటులో వుంటుంది, చెప్పులలో వుంటుంది. కొట్టువాడు మన దగ్గర వసూలు చేసి సర్కారుకు జమ కడతాడు. కట్టినట్టు మనకు తెలియదు గనుక కట్టలేదని అనుకుంటాం. నెలకు 12 వేలు తెచ్చుకునే వానికీ, లక్షన్నర తెచ్చుకునే వానికీ ఈ పన్ను రూపాయలలో ఒక్కటే. బరువు మాత్రం ఒక్కటి కాదు. మొదటివాని జేబులోంచి పోయిన 45 రూపాయలు ఇంట్లో ఒక పూట కూర ఖర్చు.

ఈ జి.ఎస్.టి. 2017 జూలై 1న వచ్చింది. అంతకు ముందున్న ఎక్సైజు, సేవా పన్ను, వ్యాట్ వంటి చాలా పన్నులు ఇందులో కలిసిపోయాయి. పెట్రోలు, డీజిలు మాత్రం కలవలేదు. వాటి మీద కేంద్రం ఎక్సైజు వేస్తుంది, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. రేట్లు మార్చారు. ముఖ్యమైన రేట్లు 5, 18గా మిగిలాయి. విలాస వస్తువులకు, మరి కొన్నింటికి 40 పెట్టారు. స్నానపు సబ్బు, టూత్ పేస్టు, తల నూనె 18 నుంచి 5కు దిగాయి. కుట్టు మిషను 12 నుంచి 5కు దిగింది. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. పిల్లల నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు, రబ్బర్ల మీద పన్ను పూర్తిగా తీసేశారు. ఇది తెలిసి వుంటే, కొట్టువాడు ఇంకా పాత ధరే తీసుకుంటుంటే "ఎందుకు భాయ్?" అని అడగగలుగుతాం. తెలియకపోతే తగ్గిన పన్ను మన ఇంటికి రాదు, మధ్యలోనే ఆగిపోతుంది.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. 2022 జూలై 18 నుంచి ముందుగా సంచి కట్టి, పేరు ముద్రించి అమ్మే బియ్యం 25 కిలోల దాకా అయితే 5 శాతం పన్ను. విడిగా తూచి ఇచ్చే బియ్యానికి లేదు. 25 కిలోలు దాటిన బస్తాకు లేదు. అందుకే ఆ తర్వాత కొందరు 26 కిలోల బస్తాలు కూడా అమ్మకానికి పెట్టారు. ఒక్క కిలో ఎందుకు పెరిగిందా అని మీలో కొందరు అనుకునే వుంటారు. జవాబు బడ్జెట్ చదివేవారికి తెలుస్తుంది.

ఇక ఆదాయపు పన్ను. మనలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, గల్ఫు నుంచి తిరిగివచ్చి వ్యాపారం పెట్టినవారు వున్నారు గనుక రెండు అపోహలు తీర్చాలి. 2025-26 బడ్జెట్ ప్రకారం కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడకుండా రిబేటు ఇచ్చారు. జీతగాళ్ళకు 75 వేల తగ్గింపు కలిపితే 12 లక్షల 75 వేలు. ఆ గీత దాటితే మొత్తం జీతం మీద పెద్ద రేటు పడుతుందని చాలామంది భయపడతారు. అది తప్పు. పన్ను మెట్లు మెట్లుగా పడుతుంది. తగ్గింపు పోగా 13 లక్షలు మిగిలినవారికి మొదటి 4 లక్షల మీద సున్నా, తర్వాతి 4 లక్షల మీద 5 శాతం చొప్పున 20 వేలు, ఆ తర్వాతి 4 లక్షల మీద 10 శాతం చొప్పున 40 వేలు, చివరి లక్ష మీద 15 శాతం చొప్పున 15 వేలు, వెరసి 75 వేలు. దాని మీద సెస్సు నూటికి 4, అంటే 3 వేలు. మొత్తం 78 వేలు. పెద్ద రేటు పడింది చివరి లక్ష మీదనే.

రెండవ అపోహ, "మేము జకాత్ తీస్తున్నాం కదా, మళ్ళీ పన్నెందుకు?" అన్నది. రెండూ వేరు. జకాత్ మన ఇబాదత్. నిసాబు దాటి ఏడాది నిలిచిన సంపద మీద నూటికి రెండున్నర తీస్తాం. అది ఎవరికి చెందాలో ఖురాన్ షరీఫ్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. పన్ను మనం నడిచే రోడ్డుకు, తాగే నీటికి, పిల్లవాడు చదివే బడికి, వీధి దీపానికి. ఒకటి ఇచ్చామని రెండవది ఎగగొట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు బడ్జెట్‌కు వద్దాం. రాజ్యాంగం 112వ అధికరణం దీన్ని వార్షిక ఆర్థిక నివేదిక అన్నది. రాష్ట్రాలకు 202వ అధికరణం. చట్టం లేకుండా ఏ పన్నూ వేయరాదని 265వ అధికరణం చెబుతున్నది. ఇంగ్లీషు పేరు చూసి బెదరనక్కరలేదు. తెలుగులో దీన్ని జమాఖర్చు అంటాం. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, మాఫీ — ఈ మాటలన్నీ మన ఉర్దూ, ఫారసీ దారిలో తెలుగులోకి వచ్చినవే. ఇన్ని లెక్కల మాటలు మన నాలుక మీద వుండగా లెక్క మాత్రం మనది కాదనుకుంటే ఎలా?

2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం ఖర్చు 50 లక్షల 65 వేల కోట్లు. ఇంత పెద్ద అంకె ఎవరి బుర్రకూ ఎక్కదు గనుక ఒక్క రూపాయిగా చూద్దాం. ఆ రూపాయిలో 24 పైసలు అప్పు. ఆదాయపు పన్ను 22 పైసలు, జి.ఎస్.టి. 18, కంపెనీల పన్ను 17, ఎక్సైజు 5, కస్టమ్స్ 4 పైసలు. మిగిలిన 10 పైసలు పన్నులు కాని రాబడి. కంపెనీల పన్ను కన్నా జి.ఎస్.టి. ఒక పైసా ఎక్కువే వున్నది. అందులో ఆటో అబ్బాయి రీచార్జి కూడా వున్నది.

ఆ రూపాయి పోయే దారి చూడండి. రాష్ట్రాల పన్ను వాటా 22 పైసలు. పాత అప్పుల వడ్డీ 20 పైసలు. కేంద్రం సొంత పథకాలు 16. రక్షణకు 8, కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకాలకు 8, ఆర్థిక సంఘం ఇప్పించే గ్రాంట్లు వగైరాకు 8. సబ్సిడీలకు 6, పింఛనులకు 4, ఇతరాలకు 8 పైసలు. వడ్డీ అంటేనే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. ఇక్కడ ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీకే పోతున్నవి, అంటే రక్షణకు పెట్టిన దానికి రెండున్నర రెట్లు. అప్పు చేసి రైలు మార్గం వేస్తే రేపు రాబడి వస్తుంది, అప్పు చేసి రోజువారీ ఖర్చుకు వాడితే వడ్డీ మాత్రం మిగులుతుంది. మన ఇంట్లో ఆటో కొనడానికి చేసే అప్పుకూ, పెళ్ళి విందుకు చేసే అప్పుకూ వున్న తేడాయే అక్కడా వున్నది.

రాష్ట్రాల వాటా గురించి ఒక మాట. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి, పంచదగిన కేంద్ర పన్నులలో నూటికి 41 రాష్ట్రాలకు ఇవ్వమన్నది. ఆ 41ని మళ్ళీ వంద భాగాలు చేస్తే ఆంధ్రప్రదేశ్‌కు 4 భాగాల పైచిలుకు, తెలంగాణకు 2 భాగాల పైచిలుకు. కాని సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపకంలోకి రావు. ఇందాక 78 వేల లెక్కలో 3 వేల సెస్సు చెప్పామే, అది ఆరోగ్య, విద్యా సెస్సు. అది కేంద్రం దగ్గరే వుంటుంది. సెస్సు పెరిగిన కొద్దీ రాష్ట్రాల చేతికి వచ్చే పాలు తగ్గుతుందని ఎందుకు మొత్తుకుంటున్నారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫిబ్రవరి 1న పార్లమెంటులో బడ్జెట్ చదువుతారు. సాయంత్రానికి మన టీ కొట్టు దగ్గర "మైనారిటీలకు ఇన్ని కోట్లు ఇచ్చారట" అని ఒకరు, "ఏమీ ఇవ్వలేదట" అని ఒకరు వాదించుకుంటారు. ఇద్దరూ కాగితం చూసివుండరు. చూస్తే అందులో ప్రతి శాఖకూ నాలుగు గడులు వుంటాయి. 2025 ఫిబ్రవరి పుస్తకంలో మొదటి గడి 2023-24 వాస్తవ ఖర్చు. రెండవది 2024-25 బడ్జెట్ అంచనా. మూడవది అదే ఏడు సవరించిన అంచనా. నాలుగవది 2025-26 కొత్త అంచనా. పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చేది నాలుగవ గడి. నిజం తెలిసేది రెండవ, మూడవ గడులను పక్కపక్కన పెట్టినప్పుడు, ఆపైన మరుసటి ఏడు మొదటి గడి చూసినప్పుడు.

ఒక ఉదాహరణ చెబుతాం. 2022-23కు కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖకు బడ్జెట్ అంచనా 5,020 కోట్ల 50 లక్షలు. అదే ఏటికి సవరించిన అంచనా 2,612 కోట్ల 66 లక్షలు. మొదట చెప్పినదానిలో సగం కన్నా కాస్త మాత్రమే ఎక్కువ. ఆ మరుసటి ఏటికి అంచనానే 3,097 కోట్ల 60 లక్షలకు దించారు. 2025-26కు 3,350 కోట్లు పెట్టారు. మొత్తం బడ్జెట్ వంద రూపాయలనుకుంటే ఇది ఏడు పైసలకు కూడా చేరదు. మనకు వచ్చేది ఇంతే అని మేము అనడం లేదు. రేషను బియ్యం, రోడ్డు, ఆసుపత్రి అందరితోపాటు మనకూ వస్తున్నవి. ఈ శాఖ పేరున చెప్పిన అంకె వేరు, చేరిన డబ్బు వేరు అని మాత్రమే మా మనవి.

ఈ డబ్బు ఎవరిది? సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చాక 2008లో మొదలైన ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ దీనిలోనిదే. ఇంటి ఆదాయం ఏడాదికి లక్షకు మించని పిల్లలకు ఒకటవ తరగతి నుంచి పదవ తరగతి దాకా ఇచ్చేవారు. 2022-23 నుంచి దాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేశారు. 8వ తరగతి దాకా విద్యాహక్కు చట్టం కింద ఉచిత విద్య వున్నది గదా అని కారణం చెప్పారు. చిన్న తరగతుల పిల్లలకు వచ్చేది ఏడాదికి వెయ్యి రూపాయలే. కాని ఆ వెయ్యి చెప్పులయ్యేది, సంచి అయ్యేది, బీడీలు చుట్టే ఇంట్లో ఆడపిల్లను మరో ఏడు బడిలో వుంచేది. ఉపాధ్యాయులుగా మాకు ఇది బాగా తెలుసు.

రాష్ట్రంలో కూడా ఇదే తీరుగా చూడాలి. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ 3 లక్షల 22 వేల కోట్లు. అందులో మైనారిటీ సంక్షేమానికి 5,434 కోట్లు అన్నారు. సంతోషమే. అయితే మనం అడగవలసినవి మూడు వున్నాయి. ఈ అంకెలో ఏయే పథకాలు చేర్చారు? నిరుడు పెట్టినదానిలో మార్చి 31 నాటికి ఎంత ఖర్చయింది? మిగిలినది ఎందుకు మురిగిపోయింది? ఏ పార్టీ ప్రభుత్వం వున్నా ఈ మూడు ప్రశ్నలు మారవు.

నిధులు మురిగిపోవడంలో మన తప్పు కూడా కొంత వున్నది. బడి రిజిస్టరులో "షేక్ మహమ్మద్", ఆధార్‌లో "మొహమ్మద్ షేక్", బ్యాంకు పుస్తకంలో "ఎస్.కె. మహ్మద్" అని వుంటుంది. కంప్యూటరుకు వీరు ముగ్గురు పిల్లలు. ఆడపిల్ల పేరు చివర ఒకచోట "బీ", ఒకచోట "బేగం". బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేసి వుండదు. గడువు ముందురోజు పరుగెత్తుకు వచ్చి "మాస్టర్ సాబ్, ఏదైనా చేయండి" అంటారు. బిడ్డను బడిలో చేర్చిననాడే పేరు ఒక్క తీరుగా రాయించండి. బడ్జెట్‌లో వున్న డబ్బు మన గడపకు చేరే దారిలో ఇది మొదటి మెట్టు.

ఇంకొక చేదు మాట. మనలో వ్యాపారస్థులు చాలామంది వున్నారు. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితే జి.ఎస్.టి. రిజిస్ట్రేషను తప్పనిసరి. కోటిన్నర లోపు చిన్న వ్యాపారికి కాంపోజిషన్ పద్ధతి వున్నది. అందులో తన అమ్మకం మీద నూటికి ఒకటి తానే కట్టుకోవాలి, కొన్నవారి దగ్గర విడిగా పన్ను వసూలు చేయరాదు. కొందరు ఈ సంగతి దాచి పన్ను పేరున డబ్బు తీసుకుంటారు. మరికొందరు పన్నుతో సహా ధర తీసుకుని బిల్లు లేకుండా తెల్ల కాగితం మీద రాసిస్తారు. బీదవాడు ఇచ్చిన ఆ పన్ను కొట్టువాని సొత్తు కాదు, అతని చేతిలో పెట్టిన అమానత్. దాన్ని మింగడం ఖయానత్. ఐదు పూటలూ మొదటి వరుసలో నిలబడినంత మాత్రాన ఆ లెక్క తీరదు. సర్కారును లెక్క అడగాలంటే ముందు మన లెక్క సాఫీగా వుండాలి.

హజ్రత్ ఉమర్ (రజి) గారి కథ మన పెద్దలు చెబుతుంటారు. బైతుల్ మాల్ నుంచి అందరికీ ఒక్కొక్క గుడ్డ పంచారట. ఖలీఫా గారు మింబరు ఎక్కినప్పుడు ఒక సామాన్యుడు లేచి, ఒక్క గుడ్డతో మీ అంత పొడగరికి అంగీ ఎలా అయింది, మాకు లెక్క చెప్పండి అని అడిగాడట. ఖలీఫా గారు కోపగించుకోలేదు. ఆయన కుమారుడు లేచి, నా వంతు గుడ్డ మా తండ్రిగారికి ఇచ్చానని చెప్పాకనే ప్రసంగం సాగిందట. ఈ కథ చెప్పి ఖలీఫా గారి గొప్పతనాన్ని మెచ్చుకుంటాం, మంచిదే. కాని లేచి అడిగిన ఆ సామాన్యుణ్ణి మరిచిపోతాం. అతను అరవలేదు, అపవాదు వేయలేదు. తన వాటా తెలిసినవాడు గనుక లెక్క అడిగాడు.

అందుచేత సంఘానికి మా మనవులు మూడు. ఏటా బడ్జెట్ వచ్చిన తర్వాత వచ్చే జుమా నాడు, నమాజు అయ్యాక అరగంట కూర్చుని, మైనారిటీ శాఖ పేజీలోని నాలుగు గడులు మన యువకులచేత ఉర్దూలోనూ, తెలుగులోనూ చదివించండి. చదివేందుకు మా వంతు మేము వస్తాం. రెండవది, అనుమానం వున్నచోట సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలే, దారిద్ర్యరేఖ దిగువన వున్నవారికి అదీ లేదు, సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. మూడవది, బడులు తెరవగానే సంఘ కార్యాలయంలో రెండు రోజులు కూర్చుని పిల్లల పేర్లు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు సరిచూసే పని పెట్టండి. ఈ మూడింటికీ పెద్ద చందాలు అవసరం లేదు.

ఆటో దిగి మేము కిరాయి ఇవ్వబోతే ఆ అబ్బాయి పుచ్చుకోనన్నాడు. "గురువుగారి దగ్గర డబ్బులా?" అన్నాడు. మేము బలవంతాన జేబులో పెట్టాం. అప్పుడు అతను, "సార్, ఆ 45 రూపాయల 61 పైసలు ఏమయిందో ఎవరిని అడగాలి?" అన్నాడు. ఇరవై ఏళ్ళ మా ఉద్యోగంలో విద్యార్థి అడిగిన మంచి ప్రశ్నలలో అది ఒకటి. జవాబు మేము ఒక్కరమే చెప్పలేం. అందరం కలిసి అడిగితే ఇన్షా అల్లాహ్ జవాబు వస్తుంది.